బాలుడైన పెలే

కాలిబంతి యాటలో గోలు కొట్టుటకు కాలి బలమే చాలునని నేను తలచెడివాడను. పెలే చరిత్ర నా తలంపును మార్చినది.

ఆతడు 1940లో బ్రెజిలు దేశమున పేదయింట జనించెను. ఆటగాడైన తండ్రి జీవనము మోకాటి దెబ్బచే కుంటుపడెను. బంతి కొనలేక బాలుడు మేజోటిలో కాగితములు కూరి యాడెను. 1956లో, 15 ఏండ్లకే, సాంటోస్ జట్టున చేరెను.

1958లో స్వీడనున జరిగిన ప్రపంచకప్పు పోటీలలో మోకాటి నొప్పిచే తొలి రెండాటలు ఆడలేకపోయెను. తండ్రి గతియే పట్టునేమో యనిపించు వేళ యది! పిమ్మట నాలుగాటలలో ఆరు గోలులు చేసెను. తుదియాటలో బంతిని ఎదతో నాపి, ఎదిరి తలమీదుగా లేపి, నేల తాకకముందే గోలులోనికి తన్నెను. అది బలము కాదు, చూపు.

మనుమలు వీధిలో గుడ్డబంతి తన్నునపుడు కసరకుడు. క్షణము నిలిచి చూడుడు.