ఐదోవాడు ఎక్కడ నిలబడాలి? బాల్ బ్యాడ్మింటన్ టీమ్ మ్యాచ్‌ని ఎలా చూడాలి

పోయిన ఎపిసోడ్‌లో స్క్వాష్ గురించి మాట్లాడుకున్నాం. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ ఆట మొదటిసారి వస్తోందని చెప్పాను. అది చూసి తిరుపతి నుంచి ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, స్క్వాష్‌లో టీమ్ మ్యాచ్ అంటారు, కోర్టులో మాత్రం ఇద్దరే ఉంటారు. అది టీమ్ ఎట్లవుతుంది?"

మంచి ప్రశ్న. స్క్వాష్ క్లబ్ లీగుల్లో మామూలుగా ఆటగాళ్లను బలాన్నిబట్టి వరసలో పెడతారు. మన ఒకటో నంబరు వాళ్ల ఒకటో నంబరుతో, మన ఐదో నంబరు వాళ్ల ఐదో నంబరుతో ఆడతాడు. ఎవరి మ్యాచ్ వాళ్లదే, చివర్లో గెలుపులు కూడుకుంటారు. అంటే బలహీనుడికి ఎదురుపడేది ఇంకో బలహీనుడే. లెక్క సరిపోయింది.

ఇప్పుడు మన చిత్తూరు వైపు రండి. ఇక్కడ చాలా ఊళ్లలో స్క్వాష్ కోర్టు ఉండదు కానీ, హైస్కూల్ గ్రౌండులో రెండు కర్రలు, ఒక నెట్టు, పసుపు రంగు ఉన్ని బంతి కనిపిస్తాయి. అదే బాల్ బ్యాడ్మింటన్. 1856 ప్రాంతంలో తంజావూరు రాజకుటుంబం ఈ ఆట మొదలుపెట్టిందని చెప్తారు. మన జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కదా, అటు ఆటలు ఇటు రావడంలో వింతేముంది? 1954లో ఈ ఆటకి జాతీయ ఫెడరేషన్ ఏర్పడింది. మన తెలుగువాడు జమ్మలమడక పిచ్చయ్యగారికి ఇదే ఆటలో 1970లో అర్జున అవార్డు వచ్చింది.

ఆట వివరం చెప్తా. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. నెట్టు దగ్గరదగ్గర ఆరడుగుల ఎత్తు. బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. బంతి నేలమీద పడకముందే కొట్టాలి. సర్వీసు నడుము కిందినుంచే చేయాలి, అది నెట్టు దాటి ఒక మీటరు దూరంలో ఉన్న గీత అవతల పడాలి. ఇంతకుముందు గేముకి 29 పాయింట్లు, ఇప్పుడు 35. మూడు గేముల్లో రెండు గెలిస్తే మ్యాచ్ మీదే.

అసలు సంగతి ఏమంటే, దీన్ని 'ఫైవ్స్' అంటారు. ఐదుగురూ ఒకేసారి కోర్టులో ఉంటారు. మామూలుగా ముందు ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనక ఇద్దరు. ఇక్కడ మీ ఐదోవాడు వాళ్ల ఐదోవాడితో ఆడడు. వాళ్ల ఐదుగురితోనూ ఆడతాడు! ఎదుటి జట్టు పది నిమిషాల్లో బలహీనుణ్ణి కనిపెట్టేస్తుంది. ఆపైన బంతులన్నీ ఆయన మీదికే.

మరి ఏం చేయాలి? కాళ్లు మెల్లగా ఉండి చెయ్యి చురుగ్గా ఉన్నవాణ్ణి ముందు నిలబెట్టాలి. ఆయన వెనకాల మీ జట్టులో బాగా పరిగెత్తేవాణ్ణి పెట్టాలి. తలమీదుగా వచ్చే బంతి వెనకవాడిది, నెట్టు దగ్గర జారేది ముందువాడిది. మధ్యలో వచ్చేది? దానికి మాట కావాలి. "నాది" అనో, "వదులు" అనో ముందే అరవాలి. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

నాకు ఇది ఎట్లా తెలిసిందంటే, ఓడిపోయి తెలుసుకున్నా. మా క్లబ్ జట్టుకి నేను కెప్టెన్. మా ఐదోవాడు ఒక టైలరన్న, యాభై దాటినాయి. పక్క ఊరితో మ్యాచ్. మూడో గేము 33-33. వాళ్లు వరసగా ఆయన మీదే కొడుతున్నారు. బయట ఒక కాలేజీ పిల్లోడు కూర్చోనుండాడు, మంచి ఆటగాడు. నేను అన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టినా. "సరే సామీ" అన్నాడు, అంతే.

తర్వాతి బంతి మధ్యలోకి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ బంతికి వెనకనుంచి "వదులు" అని వినపడగానే అన్న తల వంచేవాడు. పిల్లోడికి ఆ అలవాటు లేదు, ఎగిరినాడు. రెండు బ్యాట్లు టపీమని తగులుకున్నాయి, బంతి కింద పడింది. దాని తర్వాతి బంతికి ఇద్దరూ భయపడి ఆగిపోయినారు. 35-33. అయిపోయింది.

తప్పు పిల్లోడిది కాదు, నాది. నేను అన్న కాళ్లు చూసినా, చెవులు చూడలా.

మర్నాడు పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి పోతే అన్న ఎప్పటిలాగే నెట్టు కడతాండాడు. నేను క్షమాపణ చెప్పబోతే, "ఆ కొస పట్టుకో, లాగాల" అన్నాడు. ఆ రోజునుంచి ఆ పిల్లోణ్ణి అన్న పక్కనే నిలబెట్టి ప్రాక్టీసు చేయించినాం, ఆ "వదులు" అనే మాట అలవాటయ్యేదాకా.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇదీ: స్క్వాష్‌లో టీమ్ అంటే కూడిక. ఫైవ్స్‌లో టీమ్ అంటే ఇద్దరి మధ్య ఉండే ఖాళీ ఎవరిదో తెలిసి ఉండటం. ఈసారి మీ ఊళ్లో మ్యాచ్ జరిగితే బంతిని కాసేపు వదిలేసి, ఆ అరుపులు వినండి. ఏ జట్టు గెలుస్తుందో మీకే తెలిసిపోతుంది.

మీ ఊరి గ్రౌండులో ఇంకా నెట్టు కడుతున్నారా? ఎవరు కడుతున్నారో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.