వార్తల్లో పదం: పౌరసత్వం

సింధ్ నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన హిందూ కుటుంబాలు దీర్ఘకాలిక వీసాపై ఎన్నేళ్లున్నా, పౌరసత్వం వచ్చేదాకా ఓటు లేదు. రాజ్యాంగం 326వ అధికరణం ఓటును 18 ఏళ్లు నిండిన పౌరులకే ఇచ్చింది మరి.

1955 పౌరసత్వ చట్టం ప్రకారం పౌరసత్వం పుట్టుకతో, వారసత్వంగా, నమోదుతో, సహజీకరణతో, కొత్త భూభాగం దేశంలో కలిస్తే వస్తుంది. ఇక్కడ పుడితే చాలన్న రోజులు 1987 జులై 1తో పోయాయి. అప్పటినుంచి తల్లిదండ్రుల పౌరసత్వమూ చూస్తున్నారు.

2016 డిసెంబరులో కేంద్రం పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్ మైనారిటీల దరఖాస్తులు తేల్చే అధికారాన్ని రాయ్‌పూర్ కలెక్టరుకు ఇచ్చింది. ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ, ఈ మైనారిటీల్లో 2014 చివరికల్లా వచ్చినవారికి 11 ఏళ్ల నివాస నిబంధనను 5కు తగ్గించింది. ముస్లింలను వదిలేయడమే అసలు వివాదం.

పౌరసత్వ ధ్రువపత్రం అందినా ఓటు దానంతటదే రాదు. ఓటరుగా నమోదుకు ఫారం-6 నింపాలి, అందులో భారత పౌరులమని సంతకం పెట్టాలి.