లైటు ఆర్పేస్తే జబ్బు పోతుందా?

డ్యాష్‌బోర్డులో పసుపురంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే మనలో చాలామందికి గుండె జారిపోతుంది. మెకానిక్ దగ్గరికెళ్తే చిన్న యంత్రం తగిలించి, మీట నొక్కి, "అయిపోయింది మేడమ్" అంటాడు. నాలుగు రోజులు తిరక్కుండానే బొమ్మ మళ్లీ ప్రత్యక్షం! థర్మామీటరు దాచేస్తే జ్వరం తగ్గుతుందా చెప్పండి?

నేను డబ్బింగ్ చెబుతాను. జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్‌లలోని స్టూడియోల మధ్య తిరగడమే నా ఉద్యోగం. పని అయ్యేసరికి ఒక్కోసారి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళ ఫిల్మ్ నగర్ ఎత్తుపల్లాల్లో ఒంటరిగా ఉన్నప్పుడు బండి ఆగిపోతే? అందుకే ఈ లైటు సంగతేమిటో తేల్చుకోవాలనుకున్నాను.

ఒక వర్క్‌షాపులో మూడుసార్లు లైటు ఆర్పి పంపారు. మూడోసారి పెట్రోలు పంపు మార్చాలన్నారు. ఎందుకని అడిగితే, "సార్‌ని పంపండి మేడమ్, ఆయనకు చెబుతాం" అన్నారు. కారు నాది, డబ్బు నాది, నడిపేది నేను. మధ్యలో సార్ ఎందుకట?

అప్పట్నుంచి కారులో ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. లైటు ఎప్పుడు వెలిగింది, అంతకుముందు ఏం జరిగింది అన్నీ పాల లెక్కలా రాశాను. నెల తిరిగేసరికి సంగతి బయటపడింది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ బండి బంకులోనే మొరాయిస్తోంది. వెనకవాళ్ల హారన్ల మధ్య ఎలాగో స్టార్టయినా ఇంజిన్ వణుకుతోంది. తర్వాత రెండు మూడు రోజుల్లో లైటు వెలుగుతోంది.

ఆ పుస్తకం పట్టుకుని కృష్ణానగర్‌లో సినిమా యూనిట్ల వ్యాన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికెళ్లాను. ఆయన లైటు ఆర్పలేదు. ముందు యంత్రంలో వచ్చిన నంబరు చూపించారు: పి-0441. పెట్రోలు ఆవిరి వెళ్లే దారిలో తేడా ఉందని దాని అర్థం.

ఆవిరి కథ

పెట్రోలు ఇట్టే ఆవిరైపోయే సరుకు. ఎండలో నిలబెడితే ట్యాంకులో ఆవిరి మరీ పెరుగుతుంది. దాన్ని బయటికి వదిలితే అందులోని బెంజీన్ లాంటి విషాలు మన ఊపిరితిత్తుల్లోకే చేరతాయి. అందుకని బొగ్గు నింపిన డబ్బా ఒకటి అమరుస్తారు. దాన్ని క్యానిస్టర్ అంటారు. ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు అనే చిన్న తలుపు తెరుచుకుంటే, ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి మండిపోతుంది. అమెరికాలో 1971 మోడల్ కార్ల నుంచే ఇలాంటి ఏర్పాటు ఉంది.

ఇంజిన్ ఆపినప్పుడు ఆ తలుపు మూసుకోవాలి. పెద్దాయన నా కారు వాల్వు ఊడదీసి గాలి ఊదారు. గాలి అటువైపు వచ్చేసింది. "చూడమ్మా, బండి బంద్ ఉన్నప్పుడు దీంట్లకెళ్లి గాలి పోవద్దు. పోతుందంటే ఇది ఖరాబయినట్టే" అన్నారు. ట్యాంకు నింపినప్పుడల్లా ఆవిరి నేరుగా ఇంజిన్‌లోకి పోవడం వల్లే ఆ మొరాయింపు. వాల్వు మార్చడానికి రెండు వేల లోపే అయింది. పంపు జోలికి పోనే లేదు.

మరి ఆర్పిన లైటు నాలుగు రోజులు ఎందుకు ఆగుతుందంటారా? కారులోని కంప్యూటరు సాధారణంగా వరసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేగాని లైటు వెలిగించదు. ఆర్పేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అంతే!

గుర్తుంచుకోండి

* లైటు ఆర్పకముందే నంబరు రాయించుకోండి. పి-0443 అయితే వాల్వు కరెంటు తీగల్లో, పి-0455 అయితే ఎక్కడో పెద్ద లీకు ఉందని అనుమానం. నంబరు దారి చూపిస్తుందేగాని, ఏ భాగం మార్చాలో చెప్పదు. పరీక్ష చేసి చూపించమనండి.

* బంకులో పంపు దానంతటదే ఆగాక "రౌండ్ ఫిగర్ చేయమంటారా?" అంటే వద్దనండి. ఎక్కువైన పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరితే అది పాడవుతుంది.

* ట్యాంకు మూత క్లిక్‌మనేలా బిగించండి. అమెరికాలో ఉన్న మన అమ్మాయిల కార్లు అరమిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పసిగడతాయి. అక్కడ మూత వదులైనా లైటు వెలుగుతుంది.

* పసుపు లైటు నిలకడగా ఉండి, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు లేదు, త్వరలో చూపించండి. అదే లైటు మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి పక్కన ఆపండి. ఎర్ర లైటయితే వెంటనే ఆపాలి. పెట్రోలు వాసన వస్తుంటే ఆలస్యం చేయొద్దు.

వంటింట్లో గ్యాసు వాసన వస్తే సిలిండరునే మార్చేయం కదా! రెగ్యులేటరు చూస్తాం, గొట్టం చూస్తాం, సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాం. కారుకి కావలసిందీ ఆ ఓపికే. అది మనకు కొత్తేం కాదు!