ఇరువది వాక్యముల పందెము

దసరా సెలవులు వచ్చి, సీతాఫల్‌మండి సందులలో తోపుడుబండ్లపై కండ్లు విచ్చిన సీతాఫలములు గుట్టలుగా కనబడు దినములలో, పిల్లవాడు సెల్‌ఫోనుకు అంటుకొనిపోవుచున్నాడని విసిగిన తల్లిదండ్రులు, వాని చేతికొక నోటుబుక్కిచ్చి, “ఏదైనా రాయరా” అని కూర్చుండబెట్టుట కద్దు. వాడు పెన్సిలు చెక్కును, మఱల చెక్కును, దాహమనును, తుదకు “ఏం రాయను?” అని మొగము వ్రేలవేయును. తప్పు వానిది కాదు. “ఏదైనా” అను మాట లోకమునంతటిని ఒక్కసారిగా వాని నెత్తికెత్తుచున్నది. కలము పట్టి నలువదేండ్లయిన వారికిని అది మోయరాని బరువే.

అదే పిల్లవానితో, “నువ్వు మేడ మీంచి ఉమ్మిన సీతాఫలం గింజ రాత్రికి రాత్రే చెట్టయి, పట్టాలకు అడ్డంగా కొమ్మ చాచింది. పొద్దున్నే కాచిగూడ పోయే ఎంఎంటీఎస్ మన స్టేషన్లో దాని ముందు ఆగిపోయింది. డ్రైవరు ఏం చేశాడు? ఇరవై వాక్యాలు, అన్నం వేళలోగా. రాయి చూద్దాం!” అని పందెము కట్టి చూడుడు. “డ్రైవరు పండు తినొచ్చా?” అని వాడు అడిగెనా, కథ సగమైనట్లే. రైలు వాడు నిత్యము వినునది, పండు ఇప్పుడే తినినది. జరిగిన సంగతి మాత్రము లోకములో ఎన్నడును జరుగనిది. మీదుమిక్కిలి, ఇరువది వాక్యములన్న హద్దొకటి యుండుటచేత, చేరవలసిన గట్టు వాని కంటి కగుపడుచుండును. 1999లో అమెరికాలో పుట్టి, నెల దినములలో 50,000 మాటల నవల వ్రాయుడని పెద్దలను సవాలు చేసిన ‘నానోరైమో’ వారు సయితము పిల్లల యెడ ఆ అంకెను విడిచి, ఎన్ని మాటలు వ్రాయవలెనో వారినే నిర్ణయించుకొననిచ్చిరి.

ఇంతవఱకు సులభమే. వ్రాసిన కాగితము పెద్దల చేతికి వచ్చినపుడు గాని అసలు చిక్కు మొదలు కాదు. చెట్టు రైలును ఆపినదన్న వింతను చూడకమునుపే, ‘డైవరు’ అని క్రావడి లేక వ్రాసినాడని ఎఱ్ఱసిరా పడును. క్రావడి ఎక్కడికిని పోదు; పోవునది కథ. 2011లో బ్రిటనులో బీబీసీ రేడియో ఆరంభించిన ‘500 మాటలు’ అను పిల్లల కథల పోటీలో, వర్ణక్రమమును, విరామచిహ్నములను, వ్యాకరణమును లెక్కలోనికి తీసికొనరాదను నియమము కలదు. కథలోని కొత్తదనము, నడక, పాత్రలు, చదువరికి కలుగు ఆనందము, ఇవియే అచ్చట కొలతలు. వ్రాసినదానిని తానే బిగ్గరగా చదువునప్పుడు, నాలుక తడబడిన చోటనెల్ల పిల్లవాడు తప్పులను చాలవఱకు తానే పట్టుకొనును. మిగిలినవి మఱునాడు చెప్పిన మునిగిపోవునదేమియు లేదు.

భాషను గూర్చియు ఇట్టి ఓర్పే కావలెను. ఇంట అమ్మమ్మ తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీథిలో ఉర్దూ వినుచు పెరుగు సికింద్రాబాదు పిల్లల కథలో ఆ మూడును కలియుట సహజము. తెలంగాణలో 2018 నాటి చట్టము బడులలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది, మంచిదే. పాఠము టైంటేబులులోనికి చట్టముతో వచ్చును గాని, పిల్లవానికి తెలుగులో అబద్ధమాడు సరదా చట్టముతో రాదు. కథ యనగా ఆ సరదాయే గదా! సీతాఫల్‌మండికి దాపుననే తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వారి బొమ్మల పుస్తకములు ఇంటికి రెండు మూడు తెచ్చి ముందుగా చదివి వినిపించినచో, ఆ సరదా పిల్లలకు త్వరగా అంటుకొనును.

పిల్లవాని పేరుతో తండ్రియే కథ వ్రాసి పోటీకి పంపు దురాచారమొకటి యున్నది. దానిని గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మేలు.

వ్రాసినదానికి చదువరి దొరకుట వేఱొక సంగతి. రేడియో అన్నయ్యగా తెలుగునాట పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు 1945లో మద్రాసునుండి ‘బాల’ పత్రికను వెలువరించినపుడు, పిల్లల వ్రాతలకును అందు చోటిచ్చిరి. అప్పటికి 14 ఏండ్లవాడైన ముళ్ళపూడి వెంకటరమణ తొలికథ ‘అమ్మ మాట వినకపోతే’ ఆ యేడే అందులో అచ్చైనది. అచ్చులో తన పేరు చూచుకొన్న బాలుని యుత్సాహము ఎంతవఱకు పోయినదనగా, అతడు ‘ఉదయభాను’ అను సొంత పత్రికనే పెట్టి, తాను సంపాదకుడై, నేస్తుడైన బాపును చిత్రకారుని చేసికొనెను.

నేటి అపార్టుమెంటు పిల్లలకు అంతపాటి పత్రిక అసాధ్యమేమి కాదు. సెలవులలో పదిమంది పిల్లలు వ్రాసిన పది కథలను, వారి చేతివ్రాతతోనే, కొట్టివేతలతో సహా, వీథిమొగ జిరాక్సు కొట్టులో తీయించి, స్టేప్లరు కొట్టి, ఒక ప్రతి వాచ్‌మన్‌కు, ఒకటి కిరాణా కొట్టువానికి, తక్కినవి ఇంటింటికిని పంచవచ్చును. సంపాదకత్వము మాత్రము పెద్దలు పుచ్చుకొనరాదు. ఆ పదవికి అయిదవ తరగతి చదువు పిల్ల యొకతె చాలును.