కార్టర్ కుటుంబం పాటలు: సేకరణ, కర్తృత్వం

1927 ఆగస్టు 1, 2 తేదీలలో అమెరికాలోని బ్రిస్టల్ పట్టణంలో విక్టర్ సంస్థ తరఫున రాల్ఫ్ పీర్ కార్టర్ కుటుంబం పాడిన ఆరు పాటలను రికార్డు చేశాడు. కంట్రీ సంగీత చరిత్రను చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు. అయితే ఈ రికార్డుల వెనుక జరిగిన సేకరణ అంతకంటే ఆసక్తికరమైనది.

రికార్డులకు ఆదరణ పెరగడంతో కొత్త పాటలు అవసరమయ్యాయి. వాటికోసం ఎ.పి. కార్టర్ అపలాచియన్ కొండ ప్రాంతమంతా తిరిగాడు. పాఠాన్ని అతడు రాసుకునేవాడు; బాణీ మాత్రం గుర్తుండేది కాదు. బాణీలను జ్ఞాపకంలో నిలిపి తెచ్చినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు. సిమెంటు కర్మాగార ప్రమాదంలో ఒక కాలు కోల్పోయినవాడు. వర్ణవివక్ష చట్టబద్ధంగా ఉన్న దక్షిణాదిలో వీరిద్దరూ కలిసి ఊళ్లు తిరగడం సామాన్య విషయం కాదు.

జానపద విజ్ఞాన పరిభాషలో కార్టర్ సేకర్త మాత్రమే. కాపీరైటు వ్యవస్థ మౌఖిక సంప్రదాయంలోని పాటలకు సైతం ఒక కర్తను కోరింది. ఫలితంగా అనేక పాటలు ఎ.పి. కార్టర్ రచనలుగా నమోదయ్యాయి. వాటిపై రిడిల్ పేరు లేదు. 1965లో మైక్ సీగర్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో అతణ్ణి కలుసుకొని పాటలు రికార్డు చేశాడు. అప్పటికి రిడిల్ గిటారు వాయించడం దాదాపు మానేశాడు.