మరుగున పడిన బ్యాండ్లు మళ్లీ ఎలా వినిపిస్తాయి?

1992లో అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ లండన్‌లోని రఫ్ ట్రేడ్ రికార్డుల దుకాణంలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన పాటలు ప్రపంచమంతటా మారుమోగుతున్నాయి. ఆయన మాత్రం 1979 నవంబరులో వెలువడి, ఆ తర్వాత కనుమరుగైపోయిన ఒక రికార్డు కోసం వెతుకుతున్నారు. ది రెయిన్‌కోట్స్ అనే నలుగురు మహిళల బ్యాండ్ తొలి ఆల్బమ్ అది. దుకాణంలో ఆ రికార్డు దొరకలేదు. అయితే ఆ బ్యాండ్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన ఆనా డ సిల్వా దగ్గరలోనే, బంధువులకు చెందిన పురాతన వస్తువుల దుకాణంలో పనిచేస్తున్నారని అక్కడివారు చెప్పారు. కోబేన్ అక్కడికి వెళ్లి ఆమెను కలిశారు. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన తమ సంకలనం ‘ఇన్సెస్టిసైడ్’ అట్ట మీద ఆ ఉదంతాన్ని రాశారు. మరుసటి ఏడాదే రెయిన్‌కోట్స్ ఆల్బమ్‌లు పునర్విడుదలయ్యాయి. 1994 ఏప్రిల్‌లో నిర్వాణ బ్రిటన్ పర్యటనలో ముందుగా వేదికనెక్కాల్సిన బ్యాండ్ కూడా వారిదే. ఆ నెల 5న కోబేన్ మరణించడంతో ఆ పర్యటన జరగలేదు.

ఆ పదమూడేళ్లలో రికార్డులోని పాటల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. అవే గిటార్లు, అదే వయొలిన్, శ్రుతి కాస్త అటూఇటూ అయినా లెక్కచేయని అవే గొంతులు. 1984లో విడిపోయిన బ్యాండ్ 1990లలో తిరిగి కలిసి కొత్త ఆల్బమ్ చేయగలిగిందంటే, ఒక అభిమాని సరైన దుకాణానికి వెళ్లడం, అక్కడి ఉద్యోగికి సరైన చిరునామా తెలిసి ఉండడం అందుకు దారితీశాయి. గొప్ప పాట ఎప్పటికైనా తనంతట తానే వెలుగులోకి వస్తుందని అనుకోవడం మనకు అలవాటు. పోస్ట్-పంక్ చరిత్రను కొంచెం లోతుగా చూస్తే ఆ నమ్మకం నిలబడదు.

వెయ్యి రికార్డుల ప్రపంచం

1976, 77 ప్రాంతంలో బ్రిటన్‌లో పంక్ రాక్ పెను కెరటంలా లేచింది. 1978 జనవరిలో సెక్స్ పిస్టల్స్ విడిపోయేనాటికి ఆ తొలి ఆవేశం చల్లబడసాగింది. పంక్ ఇచ్చిన ధైర్యాన్ని ఉంచుకుని దాని మూసను వదిలేసిన బ్యాండ్ల సంగీతానికి పోస్ట్-పంక్ అన్న పేరు స్థిరపడింది. రెగె, ఫంక్, ఎలక్ట్రానిక్ ధ్వనులు, చిత్రకళా పాఠశాలల ఆలోచనలు, ఏది కావాలంటే అది ఇందులో కలిసింది. వాయిర్, గ్యాంగ్ ఆఫ్ ఫోర్, జాయ్ డివిజన్ వంటి పేర్లు నేటికీ వినిపిస్తున్నాయి.

ఇండీ అన్న మాటకు మూలం ఇండిపెండెంట్. మొదట్లో అది సంగీత శైలిని సూచించే పదం కాదు, వ్యాపార పద్ధతిని చెప్పే పదం. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా సొంతంగా రికార్డు చేసి, సొంతంగా అచ్చొత్తించి అమ్ముకోవడమే ఇండీ. మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బ్యాండ్ మిత్రుల వద్ద, ఇంట్లోవారి వద్ద 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే చిన్న రికార్డును తెచ్చింది. మొదట వేసినవి 1,000 ప్రతులు. ఎవరైనా చేయగలరన్న మాట అక్కడి నుంచి పాకింది. 1980 జనవరి నుంచి బ్రిటన్‌లో స్వతంత్ర రికార్డుల అమ్మకాలకు ప్రత్యేక పట్టిక కూడా వెలువడసాగింది.

ఈ స్వేచ్ఛలోనే మరుపు బీజం కూడా ఉంది. వెయ్యో, రెండు వేలో ప్రతులు వేసిన రికార్డు అమ్ముడైపోతే మళ్లీ వేయడానికి డబ్బుండేది కాదు. అమ్ముడు కాకపోతే వేయడానికి కారణమే ఉండేది కాదు. లేబుల్ మూతపడితే మూల టేపులు ఎవరి అటక మీద ఉన్నాయో, హక్కులు ఎవరివో తేలేది కాదు. 1991లో రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ దివాలా తీసినప్పుడు దాని మీద ఆధారపడిన చిన్న లేబుళ్లెన్నో ఇబ్బందుల్లో పడ్డాయి.

దూరమే శాపమైన చోట

పంపిణీ ఎంత కీలకమో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని డునెడిన్ నగరాన్ని చూస్తే తెలుస్తుంది. లక్ష పైచిలుకు జనాభా గల విశ్వవిద్యాలయ పట్టణమది. లండన్‌కు సుమారు 19 వేల కిలోమీటర్ల దూరం. విదేశీ రికార్డులు అక్కడికి ఆలస్యంగా చేరేవి, అక్కడి రికార్డులు బయటికి దాదాపుగా చేరేవే కావు. 1978లో హామిష్ కిల్గోర్, డేవిడ్ కిల్గోర్ సోదరులు అక్కడ ది క్లీన్ అనే బ్యాండ్‌ను ప్రారంభించారు. 1981లో రోజర్ షెపర్డ్ క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్లయింగ్ నన్ అనే చిన్న లేబుల్‌ను పెట్టారు. ఆ లేబుల్ తొలి విడుదలల్లో ఒకటి క్లీన్ పాడిన ‘టాలీ హో’. దాదాపు 50 డాలర్ల ఖర్చుతో రికార్డు చేసిన ఆ పాట న్యూజిలాండ్ జాతీయ పట్టికలో 19వ స్థానానికి చేరింది. అదే ఏడాది నాలుగు ట్రాక్‌ల టేప్ రికార్డరు మీద చేసిన ‘బూడుల్ బూడుల్ బూడుల్’ తొలి అయిదు స్థానాల్లో నిలిచింది.

అయినా దేశం దాటితే ఆ బ్యాండ్ పేరు తెలిసినవారు అరుదు. 1982లోనే వారు విడిపోయారు. తిరిగి కలిసి తొలి పూర్తి నిడివి స్టూడియో ఆల్బమ్ ‘వెహికల్’ను తెచ్చేసరికి 1990 వచ్చింది. అంటే ఆరంభానికి, తొలి ఆల్బమ్‌కు మధ్య పన్నెండేళ్లు. ఈలోగా వారి పాటలు చేతులు మారిన క్యాసెట్ల ద్వారా, దిగుమతి రికార్డుల ద్వారా అమెరికాలోని విశ్వవిద్యాలయ రేడియోలకు చేరాయి. పేవ్‌మెంట్, యో ల టెంగో వంటి ప్రసిద్ధ బ్యాండ్లు తమకు డునెడిన్ స్ఫూర్తి అని బాహాటంగా చెప్పాయి. అక్కడిదే అయిన ది చిల్స్ బ్యాండ్ పాట ‘పింక్ ఫ్రాస్ట్’ను నేటికీ ఆ నగరపు ముద్రగా భావిస్తారు. హామిష్ కిల్గోర్ 2022 డిసెంబరులో, చిల్స్ గాయకుడు మార్టిన్ ఫిలిప్స్ 2024 జూలైలో కన్నుమూశారు. ఫ్లయింగ్ నన్ మూల టేపులు ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని అలెగ్జాండర్ టర్న్‌బుల్ గ్రంథాలయ సంరక్షణకు చేరాయి. ఒక దేశం తన చిన్న గిటార్ బ్యాండ్ల టేపులను చారిత్రక పత్రాలతో సమానంగా భద్రపరచడం చిన్న విషయమేమీ కాదు.

లండన్‌లోనే ఉండి, పెద్ద కంపెనీ అండతో వచ్చినా వెనకబడినవారున్నారు. ఏడ్రియన్ బోర్లాండ్ నాయకత్వంలోని ది సౌండ్ బ్యాండ్ 1980లో ‘జెపర్డీ’, 1981లో ‘ఫ్రమ్ ద లయన్స్ మౌత్’ ఆల్బమ్‌లను కొరోవా లేబుల్ మీద తెచ్చింది. ఎకో అండ్ ద బన్నీమెన్ కూడా అదే లేబుల్. విమర్శకులు మెచ్చారు, జనం బన్నీమెన్ వైపు మొగ్గారు. మరింత ఆకర్షణీయమైన ఆల్బమ్ చేయమని కంపెనీ కోరితే వారు అంతకంటే చీకటిగా ఉన్న ‘ఆల్ ఫాల్ డౌన్’ను ఇచ్చారు. దానితో ఆ సంబంధం తెగింది. నెదర్లాండ్స్‌లో మాత్రం వారికి గట్టి ఆదరణ దొరికింది. 1988లో బ్యాండ్ విడిపోయింది. ఏళ్ల తరబడి మానసిక అనారోగ్యంతో పోరాడిన బోర్లాండ్ 1999లో, 41 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన జీవితంపై డాక్యుమెంటరీ 2016లో నెదర్లాండ్స్ నుంచే వచ్చింది. ‘ఫ్రమ్ ద లయన్స్ మౌత్’ను ఈ రోజు తొలిసారి విన్నవారు, ఇంతకాలం ఈ పేరు ఎందుకు వినలేదా అని ఆశ్చర్యపోవడం ఖాయం. ఆ ఆశ్చర్యాన్ని చూడడానికి ఆయన లేరు.

మనకూ ఉంది ఈ కథ

రాక్ సంగీతం మన దేశానికి కొత్తేమీ కాదు. ఇంపీరియల్ టొబాకో కంపెనీ తన సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం నిర్వహించిన ‘సిమ్లా బీట్’ పోటీల్లో వివిధ నగరాల బ్యాండ్లు పాల్గొన్నాయి. 1970, 71 పోటీల పాటలు రెండు ఎల్‌పీ రికార్డులుగా వచ్చాయి. దశాబ్దాల తర్వాత విదేశీ సేకర్తలు వెతికి పట్టుకుని పునర్విడుదల చేసేవరకు వాటిని ఇక్కడే మరచిపోయారు. రాక్ కాకపోయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేని పేరు చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన ఆయన 1982లో పది రాగాలను సింథసైజర్లపై డిస్కో తాళానికి కూర్చి ఒక ఆల్బమ్ చేశారు. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2010లో నెదర్లాండ్స్‌కు చెందిన చిన్న లేబుల్ దాన్ని మళ్లీ విడుదల చేయగానే, 1980ల రెండో భాగంలో షికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్ సంగీతాన్ని ఇది ముందే పోలి ఉందని ప్రపంచం గుర్తించింది. డెబ్బయి ఏళ్లు దాటిన వయసులో ఆయన యూరప్ వేదికలెక్కారు. 2015లో మరణించారు.

ఎక్కడ వెతకాలి?

ఒకప్పుడు బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ వంటి ప్రయోక్త ఉండేవారు. 1967 నుంచి 2004లో మరణించేవరకు ఆయన తెలియని బ్యాండ్లను స్టూడియోకు పిలిపించి, ఆ రికార్డింగులను రాత్రివేళ ప్రసారం చేసేవారు. ఇప్పుడు ఆ స్థానంలో స్ట్రీమింగ్ సేవల అల్గారిథం ఉంది. ఒక పాట విన్నవారు ఇంకేమి విన్నారన్న లెక్కే దానికి ప్రధాన ఆధారం. ఎవరూ వినని పాట గురించి దాని దగ్గర లెక్క ఉండదు కాబట్టి సూచన కూడా ఉండదు. పైగా స్పాటిఫై 2024 నుంచి, 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ ఇవ్వడం లేదు. మరుగున పడిన బ్యాండ్లే ఆ గీతకు దిగువన ఎక్కువగా ఉంటాయని వేరే చెప్పనక్కరలేదు. శ్రోత నేరుగా కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకంపై సంస్థ వాటా 15 శాతం. మిగిలిన దాంట్లో చెల్లింపుల రుసుము పోగా అంతా బ్యాండ్‌కో లేబుల్‌కో చెందుతుంది.

అందువల్ల పాత పద్ధతే మేలు. నచ్చిన ఆల్బమ్ అట్ట వెనుక రాసినదంతా చదవాలి. జాయ్ డివిజన్ నచ్చినవారు దాని నిర్మాత మార్టిన్ హానెట్ పేరు పట్టుకుని వెళితే సెక్షన్ 25, క్రిస్పీ ఆంబులెన్స్, బెల్జియంకు చెందిన ది నేమ్స్ ఎదురవుతాయి. ‘స్పైరల్ స్క్రాచ్’ నిర్మాత కూడా ఆయనే. బన్నీమెన్ లేబుల్‌ను చూస్తే ది సౌండ్ దొరుకుతుంది. ఇతరుల పాటను ఒక బ్యాండ్ తిరిగి పాడినప్పుడు అసలు ఎవరిదో చూడడం ఇంకా మంచి దారి. హోల్ బ్యాండ్ 1994 ఆల్బమ్‌లో అలాంటి పాట ఒకటి ఉంది. దాని మూలం వెతికితే వేల్స్‌లోని కార్డిఫ్‌కు చెందిన యంగ్ మార్బుల్ జయంట్స్ దగ్గరికి చేరతాం. డ్రమ్మర్ లేకుండా, ఇంట్లో తయారుచేసుకున్న లయ యంత్రంతో, దాదాపు గుసగుసలాడే గొంతుతో 1980లో వారు చేసిన ‘కొలోసల్ యూత్’ ఒక్కటే వారి ఆల్బమ్. అరగంటకు కాస్త ఎక్కువ నిడివి గల ఆ రికార్డులో ఖాళీ కూడా ఒక వాద్యంలా పలుకుతుంది.

ఒక హెచ్చరిక అవసరం. మరచిపోయినదల్లా మాణిక్యం కాదు. వెయ్యి ప్రతులే వేసిన రికార్డుకు సేకర్తలు పెట్టే ధర దాని అరుదుదనానికి సంబంధించినదే తప్ప సంగీతానికి కాదు. పదింటిలో ఏడెనిమిది వింటే, జనం వదిలేయడంలో తప్పు లేదనిపిస్తుంది. మిగిలిన రెండు మూడింటి కోసమే ఈ శ్రమంతా.

అలాంటి రెండు మూడింటిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఏథెన్స్ పట్టణానికి చెందిన పైలాన్ ఒకటి. 1979లో చిత్రకళ విద్యార్థులు మొదలుపెట్టిన ఈ బ్యాండ్ ‘గైరేట్’, ‘చాంప్’ అనే రెండు ఆల్బమ్‌లు చేసి, సరదా పోయి వ్యాపారం మిగులుతోందని 1983లో తానే ఆగిపోయింది. గాయని వెనెస్సా బ్రిస్కో హే తర్వాతి కాలంలో నర్సుగా పనిచేశారు. 1987లో రోలింగ్ స్టోన్ పత్రిక అదే పట్టణానికి చెందిన ఆర్.ఇ.ఎం.ను అమెరికాలోకెల్లా ఉత్తమ రాక్ బ్యాండ్‌గా పేర్కొన్నప్పుడు, ఆ మాట పైలాన్‌కే చెందుతుందని ఆర్.ఇ.ఎం. డ్రమ్మర్ బిల్ బెర్రీ అన్నారు. గిటారిస్టు రాండీ బ్యూలీ 2009లో మరణించారు. వారి తొలి దశ రికార్డింగులు 2020లో ఒకే పెట్టెగా వెలువడ్డాయి. వెనెస్సా ఇప్పుడు పైలాన్ రీఎనాక్ట్‌మెంట్ సొసైటీ పేరుతో కొత్త బృందాన్ని నడుపుతున్నారు. దాని తొలి ఆల్బమ్ ‘మాగ్నెట్ ఫ్యాక్టరీ’ 2024 ఫిబ్రవరిలో విడుదలైంది.