ఉమ్మడి లెక్కకు ఒక టోకెను

కృష్ణా జిల్లా బాపులపాడు మండలములో, హనుమాన్ జంక్షన్ వద్దనున్న రైల్వే స్టేషను పేరు నూజివీడు. మామిడికి పేరుపొందిన నూజివీడు పట్టణము మాత్రము అచ్చటికి ఎడముగా ఉన్నది. ఈ స్టేషను హౌరా–చెన్నై ప్రధాన మార్గముపై, విజయవాడకును ఏలూరునకును నడుమ ఉన్నది. 1890 దశకములో వేసినప్పుడు ఈ మార్గము ఒంటి లైను. నేడు పోవు బండ్లకు, వచ్చు బండ్లకు వేర్వేరు లైనులు కలవు. అయినను, ఒంటి లైనుపై రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండ చేయుటకు రైల్వేవారు కనిపెట్టిన ఉపాయము పాతబడలేదు. నేటి కంప్యూటరు ప్రోగ్రాములలో అది మరియొక రూపమున పనిచేయుచున్నది.

ఒంటి లైనుపై రెండు స్టేషన్ల నడుమనున్న భాగములోనికి డ్రైవరు తన ఇచ్చవచ్చినట్లు ప్రవేశింపరాదు. అతని చేతిలో టోకెను ఉండవలెను. భారతీయ రైల్వేలలో చిరకాలము వాడబడిన నీల్ యంత్రములో ఈ టోకెను ఒక ఉక్కు బంతి. రెండు స్టేషన్లలోను ఒక్కొక్క యంత్రము ఉండును. రెంటిని విద్యుత్తీగ కలుపును. ఒక స్టేషను మాస్టరు అడుగగా రెండవ స్టేషను మాస్టరు సమ్మతించిననే గాని బంతి వెలుపలికి రాదు. ఒకసారి వచ్చిన పిమ్మట, అది మరల ఏదో ఒక యంత్రములో పడువరకు ఇరుప్రక్కల నుండియు మరియొక బంతి రాదు. బంతి ఉన్నవాడు పోవును, లేనివాడు ఆగును. బండి వేగమునకు గాని, డ్రైవరు నేర్పునకు గాని ఇందు ప్రమేయము లేదు.

పోగులు అనగా నేమి?

కంప్యూటరు ప్రోగ్రాము అనగా ఒకదాని తరువాత ఒకటిగా నెరవేర్చవలసిన ఆజ్ఞల వరుస. ఒకే వరుస ఉన్నచో, ఒక ఆజ్ఞ దూరపు యంత్రము నుండి సమాధానమునకై వేచియున్నంతసేపు మిగిలిన పని యంతయు నిలిచిపోవును. అందుచేత ఒకే ప్రోగ్రాములో అనేక వరుసలు ఏకకాలమున నడచునట్లు ఏర్పాటు చేయుదురు. అట్టి ఒక్కొక్క వరుసకు థ్రెడ్ అని పేరు. తెలుగున పోగు అనవచ్చును. నేటి కంప్యూటర్లలో, చేతిలోని ఫోనులో సైతము, గణనము చేయు భాగములు అనేకము ఉండును గనుక పోగులు నిజముగనే ఒకేసారి నడువగలవు. గణనభాగము ఒక్కటే ఉన్నచో యంత్రము ఒక పోగును కొంతసేపు నడిపి, ఆపి, మరియొక దానిని నడుపును.

ప్రతి పోగునకును తన సొంత లెక్కలు వ్రాసికొనుటకు కొంత చోటు కలదు. దానిని ఇతర పోగులు సాధారణముగా తాకవు. ఇదిగాక, అన్ని పోగులకును అందుబాటులో నుండు ఉమ్మడి జ్ఞాపకస్థలము కలదు. చిక్కంతయు ఈ ఉమ్మడి సొత్తు వద్దనే పుట్టుచున్నది.

ఇరువది వరుసలు, రెండే సరియైనవి

ఒక మామిడి గోదాములో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారనుకొందురు గాక. వచ్చిన పెట్టెల మొత్తము ఒకే పద్దు పుస్తకములో వ్రాయబడును. పుస్తకములో 340 అని ఉన్నది. మొదటి గుమాస్తా వద్దకు 25 పెట్టెలు వచ్చినవి. అతడు 340 అను అంకెను చూచి, కూడుటకై తన బల్ల వద్దకు పోయెను. అంతలో 40 పెట్టెలు దింపుకొన్న రెండవ గుమాస్తాయు వచ్చి 340 అనియే చూచెను. మొదటివాడు 365 అని వ్రాసెను. రెండవవాడు దానిని కొట్టివేసి 380 అని వ్రాసెను. సరియైన మొత్తము 405. ఇద్దరి కూడికలును ఒప్పే. అయినను 25 పెట్టెలు లెక్కలో లేకుండ పోయినవి.

ప్రోగ్రాములో “మొత్తమునకు 25 కలుపుము” అనునది ఒకే వాక్యముగా కనబడును. యంత్రమునకు మాత్రము అది మూడు పనులు: అంకెను తీయుట, కూడుట, తిరిగి పెట్టుట. రెండు పోగుల మూడేసి పనులను ఎన్ని విధముల కలగలుపవచ్చును? ఆరు స్థానములలో మొదటి పోగునకు మూటిని ఎన్నుకొనవలెను. అట్టి విధములు 20. వానిలో ఒక పోగు పని పూర్తిగా ముగిసిన పిదప రెండవది మొదలగు వరుసలు రెండే. ఆ రెంటను 405 వచ్చును. మిగిలిన పదునెనిమిదింటిలో తొమ్మిదింట 365, తొమ్మిదింట 380 వచ్చును.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. ఈ ఇరువది వరుసలును సమానముగా సంభవించునవి కావు. మూడు పనులును కనురెప్పపాటుకంటె ఎంతో తక్కువ కాలములో ముగియును గనుక, పోగులు ఒకదానికొకటి అడ్డు రాకుండ పోవుటయే తరచు. వేయి పర్యాయములు పరీక్షించినను తప్పు బయటపడకపోవచ్చును. రద్దీ పెరిగిన దినమున బయటపడును. మరల పరీక్షించినచో మాయమగును. కంప్యూటరు శాస్త్రజ్ఞులు రేస్ కండిషన్ అని పిలుచు ఈ లోపము ఇందుచేతనే అతి కపటమైనది.

దీని ఫలితము పెట్టెల లెక్కతో పోవునది కాదు. 1985–1987 సంవత్సరముల నడుమ థెరాక్–25 అను కిరణచికిత్సా యంత్రము వలన అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులు మితిమీరిన కిరణములకు గురియైరి. వారిలో కొందరు మరణించిరి. ఏకకాలమున నడచు ప్రోగ్రాము భాగములు ఉమ్మడి సమాచారమును కాపుదల లేక వాడుట అందలి కారణములలో ఒకటి. 2003 ఆగస్టు 14న ఈశాన్య అమెరికాలోను, కెనడాలోని ఒంటారియోలోను సుమారు 5 కోట్ల మందికి విద్యుత్తు ఆగిపోయెను. నియంత్రణ కేంద్రములో హెచ్చరికలు చేయవలసిన ప్రోగ్రాము ఇట్టి లోపము చేతనే మూగవోయినదని తరువాత తేలినది.

టోకెనే తాళము

దీనికి విరుగుడు రైల్వేవారిదే. ఉమ్మడి అంకెకు ఒక టోకెను ఏర్పరచి, అది ఉన్న పోగు మాత్రమే ఆ అంకెను తాకవలెనని నియమింపవలెను. 1960 దశకపు తొలి సంవత్సరములలో ఇట్టి సాధనమును రూపొందించిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా దానికి సెమఫోర్ అని పేరు పెట్టెను. రైలు మార్గముల ప్రక్కన స్తంభముపై లేచుచు దిగుచునుండు రెక్క సిగ్నలుకు ఉన్న పేరే అది. 1970 దశకములో పెర్ బ్రించ్ హాన్సెన్, టోనీ హోర్ అను శాస్త్రజ్ఞులు ఉమ్మడి సమాచారమును, దాని తాళమును ఒకే పెట్టెలో ఇమిడ్చి మానిటర్ అను ఏర్పాటు చేసిరి. 1995లో వెలువడిన జావా భాష ఆ భావమును స్వీకరించినది. అందు ప్రతి వస్తువునకును ఒక తాళము కలదు. సింక్రనైజ్డ్ అను మాట వ్రాసిన భాగములోనికి ఆ తాళము దొరకిన పోగు మాత్రమే ప్రవేశించును.

తాళము మరియొక మేలును చేయును. ప్రతి గణనభాగమునకును చేరువలో ఒక చిన్న జ్ఞాపకస్థలము ఉండును. ఒక పోగు మార్చిన అంకె, గుమాస్తా చేతి పలకమీది లెక్కవలె, ఇతరులకు వెంటనే కనబడకపోవచ్చును. తాళమును విడుచు పోగు అంతవరకు చేసిన మార్పులన్నియు, పిదప అదే తాళమును పొందు పోగునకు తప్పక కనబడవలెనని భాష నియమించును.

తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణము రైలు రిజర్వేషను. 1994 సెప్టెంబరులో సికింద్రాబాదులో కాన్‌సర్ట్ అను రిజర్వేషను ప్రోగ్రాము మొదట ప్రవేశపెట్టబడినది. 1999 ఏప్రిలు నాటికి సికింద్రాబాదు, ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై కేంద్రములు ఒకే వలగా కలుపబడినవి. నాటి నుండి ఏ ఊరి కిటికీ వద్ద నుండి యైనను ఒకే బండిలోని ఒకే బెర్తును అడుగవచ్చును. అట్టి ఏర్పాటులో “ఖాళీగా ఉన్నదా?” అని చూచుటకును, “ఇచ్చితిమి” అని వ్రాయుటకును నడుమ మరియొకరు దూరకుండ కాపాడవలెను. ఇచ్చట పోటీపడునవి వేర్వేరు యంత్రములైనను, సమస్య పోగుల సమస్యయే.

తాళముల వలన చిక్కులు

గోదాములో పద్దు పుస్తకమునకు ఒక తాళము, కాటాకు ఒక తాళము ఉన్నవనుకొన్నచో, మొదటి గుమాస్తా పుస్తకమును పట్టుకొని కాటాకై చూచును. రెండవవాడు కాటాను పట్టుకొని పుస్తకమునకై చూచును. ఎవరును విడువరు, ఎవరును కదలరు. ఇదియే డెడ్‌లాక్. దీనికి నాలుగు పరిస్థితులు కూడవలెను: వస్తువు ఒక్కసారికి ఒక్కరికే చెందవలెను, ఒకటి పట్టుకొని మరియొకదానికై వేచియుండవలెను, పట్టుకొన్నదానిని బలవంతముగా లాగికొనరాదు, వేచియుండువారు వలయముగా ఏర్పడవలెను. వీనిలో ఏ ఒక్కటి తప్పినను చిక్కు వీడును. తాళములన్నింటికి వరుస సంఖ్యలిచ్చి, చిన్న సంఖ్యదానినే ముందు తీసికొనవలెనని నియమించుట సులభమైన మార్గము. అప్పుడు వలయము ఏర్పడదు.

తాళములు మితిమీరినచో పోగులన్నియు బారులు తీరి, అనేక పోగులుండి ఫలము లేకుండ పోవును. కాబట్టి పంచుకొనుటను తగ్గించుటయే మేలు. గుమాస్తాలు ప్రతి బండి పెట్టెలను ఉమ్మడి పుస్తకములో ఎక్కింపక, ఎవరి చీటీలో వారు వ్రాసికొని, సాయంకాలము ఒక్కసారి కలిపినచో తాళముతో పని యొక్కసారియే పడును. ఎన్నడును మార్పు చెందని సమాచారమును ఎందరు చదివినను ముప్పు లేదు.

తరగతిలో ప్రయోగము

ఈ విషయమును కంప్యూటరు లేకయే చూపవచ్చును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై 0 వ్రాసి, ఇద్దరు విద్యార్థులను చెరి పది పర్యాయములు దానికి 1 కలుపుమనవలెను. ప్రతి పర్యాయమును అంకెను చూచి, తన బల్ల వద్దకు పోయి కాగితముపై కూడి, తిరిగివచ్చి వ్రాయవలెను. చివరి అంకె 20కి బదులు తక్కువగా వచ్చుట తరచుగా కనబడును. తరువాత ఒకే సుద్దముక్కను ఉంచి, దానిని పట్టుకొన్నవాడే వ్రాయవలెనని చెప్పవలెను. తప్పు పోదు, ఏలయన అంకెను చూచునప్పుడు చేతిలో సుద్ద లేదు. చూచుటకు ముందే సుద్దను తీసికొని, వ్రాసిన పిమ్మటనే విడువవలెనని నియమించినప్పుడు మాత్రమే ప్రతిసారియు 20 వచ్చును. కడపట మూడవ విద్యార్థిని పిలిచి, సుద్దతో నిమిత్తము లేకుండ తుడిచి వ్రాయుమన్నచో లెక్క మరల చెడును.

నీల్ యంత్రమునైతే ఇనుము, విద్యుత్తు కాపాడును. ప్రోగ్రాములో అనేక భాషలయందు అట్టి నిర్బంధము లేదు. తాళము అడుగని పోగును తాళము ఆపలేదు. ఉమ్మడి సొత్తును తాకు ప్రతి చోటను, చూచుట మొదలు వ్రాయుట వరకు, టోకెను చేతిలో ఉన్నదో లేదో సరిచూచుకొనవలసిన భారము ప్రోగ్రాము వ్రాయువానిదే.